పైరు కాపుదలకు ఒంటిగొట్టపు తుపాకి: ఎంపికయు, తూటాలును
(పట్టాదారులకు చేసిన ఉపన్యాస పాఠము)



కొద్ది వెలలో దొరకునది, ఒకే గుండు పేలునది, అడవిపందిని ఒక్క దెబ్బతో పడగొట్టునది యగు రైఫిలు ఏది యని పట్టాదారులు తరచుగా అడుగుచుందురు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు ప్రశ్ననే కొంచెము సవరింపవలసియున్నది. పైరు కాపుదలకు కావలసినది రైఫిలు కాదు. నున్నని గొట్టము గల ఒంటి తుపాకి. ఎందుచేతనో క్రమముగా తెలుపబడును.

మొదట ఈ స్థలమును గూర్చి ఒక మాట. రాయదుర్గము పూర్వము గోలకొండ కోటకు కూతవేటు దూరమున, గుండ్రాళ్ల నడుమ చెలక భూములతో నుండిన గ్రామము. పాయిగా రాయదుర్గము, పన్‌మక్తా రాయదుర్గము అను పేర్లు నేటికిని రెవెన్యూ కాగితములలో నిలిచియున్నవి. కుతుబ్షాహీల కాలమున కోటకు మంచినీరు ఇచ్చినదని చెప్పబడు దుర్గము చెరువు ప్రక్కనే యున్నది. 1998 లో మాదాపురమున సైబరు టవర్సు తెరచినది మొదలు ఈ చుట్టుపట్ల చెలకలు మేడలైనవి. 2019 లో మెట్రో రైలు రాయదుర్గము వరకు వచ్చినది. 2020 లో చెరువుపై తీగల వంతెన వెలసినది. కావున ఈ గ్రామపు పాత సరిహద్దులలో తుపాకి ప్రేల్చు ప్రసక్తి లేనే లేదు. గచ్చిబౌలి యందలి విశ్వవిద్యాలయపు వనములో అడవిపందులును, చుక్కల జింకలును ఇప్పటికిని తిరుగుచున్నవి గదా యని ఎవరైనను అనవచ్చును. అవి అచటనే తిరుగవలెను. వానిపై చేయి చేసికొనుట శిక్షార్హమగు నేరము. ఈ ఉపన్యాసము ఇచట ఇల్లుండియు శంకరపల్లి, చేవెళ్ల, వికారాబాదు దిక్కున పొలములు చేయించుకొను పట్టాదారులకును, ఆ ప్రాంతముల రైతులకును ఉద్దేశింపబడినది.

అడవిపంది చేయు నష్టమును రైతులకు వర్ణించి చెప్పనక్కరలేదు. మొక్కజొన్న పాలుపోసికొను వేళకును, వేరుసెనగ ఊడ దిగు వేళకును మంద వచ్చి పడును. అది తినునది కొంచెము, త్రొక్కి పడద్రోయునది అధికము. ముట్టెతో దున్నిన వేరుసెనగ చేను నాగలి పోయినట్లే యుండును. గింజ వేసిన మరునాడే సాళ్లు పట్టి విత్తనము ఏరుకొని తిను పందులును కలవు. వీని సంఖ్య పెరుగుటకు మన సేద్యమే కొంత కారణము. పూర్వము వానకాలపు పైరు కోసిన పిమ్మట చేలు బోడిగా నుండెడివి. ఇప్పుడు బోరుబావుల క్రింద పండ్రెండు నెలలును పచ్చదనము, నీడ, నీరు, మేత దొరకుచున్నవి. వానిని వేటాడు పులియు, చిరుతయు పల్లె పొలిమేరలనుండి ఎన్నడో తొలగిపోయినవి. ఒక్క ఆడుపంది ఒక యీతకు నాలుగైదు పిల్లలను వేయును. ఈ లెక్కను ఒక తుపాకి తీర్చగలదని ఎవరును భ్రమపడగూడదు.

ఇక రైఫిలు మాట. రైఫిలు గొట్టము లోపల మెలిక తిరిగిన సన్నని గాడులుండును. గుండు ఆ గాడులను పట్టుకొని బొంగరమువలె తిరుగుచు పోవును. అందుచేతనే అది తిన్నగను, మిక్కిలి దూరమునకును పోవును. దూరమే దాని గుణము, దూరమే దాని దోషము. పిట్టలను కొట్టు చిన్న 22 రైఫిలు గుండు సైతము మైలు దూరమునకు మించి పోగలదు. పెట్టెల మీదనే ఆ హెచ్చరిక వ్రాసియుండును. మన దేశపు కార్ఖానాలలో తయారగు 315 రైఫిలు గుండు అంతకన్నను దూరము పోవును. మైలు లోపల మన పల్లెలలో ఏమేమి యుండునో తలచుకొనవలెను: మరియొకని మంచె, గొఱ్ఱెలమంద, బాట, తండా, బడి. పందికి తగులని గుండు ఎచటనో ఒకచోట ఆగవలెను గదా.

315 అను కొలత ఎట్లు వచ్చినదో చెప్పుట అప్రస్తుతము కాదు. ఆంగ్ల ప్రభుత్వమువారు 303 కొలత గల రైఫిలును తమ సైన్యములకు ప్రత్యేకించుకొని, సామాన్య ప్రజలకు సైన్యపు తూటాలు పట్టని వేఱు కొలతలను మాత్రమే అనుమతించిరి. ఒకే గుండు పట్టు మార్టినీ రైఫిళ్లు అంతకుముందు సైన్యమున వాడుకలో నుండెడివి. వానికి సరిపోవు 450 కొలతను సైతము 1907 ప్రాంతమున హిందూదేశమునకు రానీయక నిషేధించిరి. పాత రైఫిళ్లు పట్టుకొనినవారి చేతికి మందుగుండు చేరునని వారి భయము. ఆ నిషేధము చేతనే వేటగాండ్ర కొఱకు 470 మొదలగు క్రొత్త కొలతలు పుట్టినవి. స్వతంత్రానంతరమును సైన్యపు కొలతలు సామాన్యునికి నిషిద్ధములే. 315 రైఫిలు వంగదేశమందలి ఇషాపూరు కార్ఖానాలో తయారగుచు వచ్చినది. (మన శ్రీకాకుళము జిల్లాలోని ఇచ్ఛాపురము వేఱు, పేరు చూచి పొరబడువారు కలరు.) అదియు ఒకే గుండు తుపాకి కాదు, కొన్ని తూటాలు వరుసగా పట్టునది. ఒకే గుండు పేలు మార్టినీ రైఫిలు ఎవరి తాతగారి గోడకైనను వ్రేలాడుచుండిన, దాని తూటాల వెదకులాటలోనే కాలము గడచిపోవును. తూటాలు దొరకని తుపాకి చవుకయైనను కొనదగినది కాదు.

చట్టమును ఈ దిక్కే చూపుచున్నది. 1959 ఆయుధముల చట్టము 13 వ సెక్షనులో పైరు కాపుదలను ప్రత్యేకముగా పేర్కొనిరి. నిజముగా పైరు కాపుదల కొఱకు మూతినుండి మందు దట్టించు తుపాకిని కోరిన పౌరునికి, వేఱు దోషములు లేనిచో, లైసెన్సు ఈయవలెనని యున్నది. అట్టి తుపాకి చాలదని అధికారి తృప్తిపడినచో, మరియొక విధమగు నున్నని గొట్టపు తుపాకికి లైసెన్సు ఈయవచ్చును. వెనుకనుండి తూటా వేయు నున్నని తుపాకి గొట్టము 20 అంగుళములకు తక్కువ యుండరాదు. రైఫిలు కోరువాడు అంతకన్న బలమగు కారణమును చూపవలసియుండును. అర్జీని జిల్లాలలో కలెక్టరుగారికిని, పోలీసు కమీషనరేటు పరిధిలో కమీషనరుగారికిని పెట్టుకొనవలెను. రాయదుర్గమున నివసించువారు సైబరాబాదు కమీషనరుగారి పరిధిలోనివారు. తుపాకిని జాగ్రత్తగా పట్టుటలో తర్ఫీదు పొందవలెనని 2016 నియమములు విధించుచున్నవి. ఒక వ్యక్తికి మూడు తుపాకులవరకు నుండిన హద్దును 2019 లో రెండింటికి తగ్గించిరి; లైసెన్సు గడువును మూడేండ్లనుండి ఐదేండ్లకు పెంచిరి.

ఇచట రైతులు తరచు పడు గొయ్యి ఒకటి కలదు. తుపాకికి లైసెన్సు వచ్చినంత మాత్రమున పందిని కాల్చుటకు అనుమతి వచ్చినట్లు కాదు. ఇవి రెండు వేఱు వేఱు కచ్చేరీల కాగితములు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అడవిపంది రక్షిత జంతువు. 2022 సవరణచే ఇప్పుడది రెండవ షెడ్యూలులో నున్నది. పైరునకు అపాయకరమైనదని రుజువైనప్పుడు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగి గాని కారణములు పేర్కొని వ్రాతమూలముగా అనుమతి ఈయవచ్చునని 11 వ సెక్షను చెప్పుచున్నది. ఆ వ్రాత లేనిదే కాల్చినవానికి మూడేండ్లవరకు ఖైదు, లక్ష రూపాయలవరకు జుల్మానా విధింపవచ్చును. తుపాకియు పోవును, లైసెన్సును పోవును. తన ప్రాణమును గాని పరుల ప్రాణమును గాని కాపాడుకొనుటకై సద్బుద్ధితో చంపుట నేరము కాదు. అయితే ప్రాణమును కాపాడుకొనుట వేఱు, పైరును కాపాడుకొనుట వేఱు.

ఇతర రాష్ట్రములలో ఏమి జరిగినదని అడుగుదురు. 2015, 2016 సంవత్సరములలో కేంద్రప్రభుత్వమువారు బీహారు, ఉత్తరాఖండ్ రాష్ట్రములలోని కొన్ని జిల్లాలకు, కొంత గడువు వరకు, అడవిపందిని హానికర జంతువుగా ప్రకటించిరి. కేరళమున 2022 లో పంచాయతీ అధ్యక్షులకే అనుమతి నిచ్చు అధికారమును ఒసంగిరి. పరరాష్ట్రపు ఉత్తరువు వార్తాపత్రికలో చదివి ఇచట తుపాకి యెత్తినవానికి అది అక్కరకు రాదు. అటవీశాఖవారి రేంజి కచ్చేరిలో నష్టము జరిగిన సర్వే నంబరు, విస్తీర్ణము, పైరు, తేదీ వివరించి అర్జీ పెట్టుట, దానికి రశీదు పుచ్చుకొనుట మొదటి పని. నష్టపరిహారము కోరుటకును ఆ కాగితమే ఆధారమగును.

ఇక తుపాకుల రకములు. మొదటిది మన పల్లెలలో బర్మారు అని పిలువబడునది. మూతిలో మందు పోసి, గజపుకడ్డీతో దట్టించి, రవ్వ వేసి, వెనుక టోపీ తొడిగి కాల్చునది. వెలకు ఇంతకన్న తక్కువది లేదు. లైసెన్సు దొరకుటయు సులువు. కాని వానకాలపు రాత్రి చెమ్మ తగిలినచో మందు పేలదు. పేలక యుండి కొంత ఆలస్యముగా పేలుటయు కలదు. అట్టివేళ గొట్టములోనికి తొంగిచూచినవాడు చూచినవాడే. మరియొక అపాయము మందు కొలతలో నున్నది. పాత పొగమందు కొలతకు పొగలేని క్రొత్త మందు పోసినచో గొట్టము చీలి ఎడమచేయి తెగిపోవును. తూటా విప్పి అందులోని మందును బర్మారులో పోయుట ఆత్మహత్యతో సమానము. లోపల ఒకసారి దట్టించిన సంగతి మరచి రెండవసారి దట్టించువారును కలరు. కావున ఖాళీగా నున్నప్పుడు గజపుకడ్డీ ఎంతవరకు దిగునో కడ్డీపై ఒక గీటు పెట్టుకొనుట మంచిది. గీటు పైకి నిలిచినచో లోపల మందున్నదని తెలియును.

రెండవది నడుమ మడచి, వెనుకనుండి తూటా వేయు ఒంటిగొట్టపు తుపాకి. మూడవది అట్టిదే జంటగొట్టపుది. నాలుగవదియు కలదు, ఇషాపూరు కార్ఖానాలో పాత సైన్యపు రైఫిళ్ల గాడులను చెరిపి, ఒక్కొక్క తూటా పట్టునట్లు మార్చి పోలీసువారికి ఇచ్చిన 410 మస్కటు. పాతకాలపు కావలివాండ్ర చేతులలో దానిని చూచినవారు అటువంటిది దొరకునా యని అడుగుదురు. అది సామాన్యునికి నిషిద్ధము. దాని జోలికి పోవలదు.

వీనిలో సామాన్య పట్టాదారునకు తగినది ఒంటిగొట్టపు 12 నంబరు తుపాకి. జంటగొట్టముకన్న వెల తక్కువ, బరువు తక్కువ, చెడిపోవు భాగములును తక్కువ. మడచి చేతిపై వేసికొనినచో అది ఖాళీగా నున్నదని పదిమందికి కనబడును. కచ్చేరికి పోవునప్పుడును, కూలీల నడుమ నడచునప్పుడును ఇది చిన్న సౌకర్యము కాదు. రెండవ దెబ్బ లేదని కొందరు దీనిని చిన్నచూపు చూతురు. రెండవ దెబ్బ యున్నదను ధైర్యముతో మొదటి దెబ్బను అజాగ్రత్తగా వేయువాడు పందినేమి, ఎవరినైనను గాయపఱచును. ఒకే తూటా గలవాడు తెలిసి కాల్చును.

ఇట్టి తుపాకులు సర్కారు కార్ఖానాలలోను, బీహారునందలి ముంగేరు పట్టణమున లైసెన్సు గల వర్తకుల కార్ఖానాలలోను తయారగుచు వచ్చినవి. సర్కారు ఆయుధ కార్ఖానాల మండలిని 2021 లో ఏడు కంపెనీలుగా విభజించిరి. పాత పేర్లతో వెదకువారు ఈ మార్పు తెలిసికొనియుండవలెను. ముంగేరు పేరు చెప్పి దొంగచాటుగా అమ్ము నాటు తుపాకులును కలవు. వాని గొట్టము నీళ్ల గొట్టమై యుండును. నంబరు లేని తుపాకి, పరీక్ష ముద్ర లేని తుపాకి ఎంత చవుకగా వచ్చినను ముట్టరాదు. తుపాకి పోతపోయు విద్య ఈ నగరమునకు క్రొత్త కాదు. 1795 లో రేమండ్ అను ఫ్రెంచివాడు నిజామునకై నెలకొల్పిన తోపుల సాంచా గోడలు ఫతే మైదానము దాపున చూడవచ్చును. అయినను ఊరి కంసాలిచేత గొట్టము అతికించుకొను పని నేడు నేరము. గొట్టమును కోసి పొట్టి చేయుటయు 6 వ సెక్షను క్రింద నేరమే.

క్రొత్తది కొను స్తోమత లేనివారు పాతది కొందురు. అది తప్పు కాదు. చక్కగా పరీక్షించి కొనిన పాత తుపాకి, పరీక్షింపక కొనిన క్రొత్తదానికన్న మేలు. పరీక్ష ఈ విధమున చేయవలెను. అంగడిలో తుపాకి చేతికి రాగానే మడచి, లోపల తూటా లేదని కన్నుతోను, వ్రేలితోను చూచుకొనవలెను. అమ్మువాడు ఖాళీయే యని చెప్పినను చూడవలెను. పిమ్మట తుపాకిపైని నంబరును లైసెన్సులోని నంబరుతో ఒక్కొక్క అంకెగా సరిచూడవలెను. పట్టాకును పహాణీకిని సర్వే నంబరు సరిచూచునట్లే. గొట్టమును వేఱు చేసి ఆకాశము వైపు ఎత్తి లోపల చూడవలెను. లోపల అద్దమువలె మెఱసినచో మంచిది. గుంటలు పడియుండినచో పొగమందు తిన్నదని తెలియును. గుండ్రని ఉంగరమువంటి నీడ కనబడినచో అచట గొట్టము ఉబ్బినదని అర్థము; మూతిలో మట్టి గాని గుడ్డ గాని యుండగా ఎవడో కాల్చియుండును. అట్టి తుపాకిని మాటలేకుండ తిరిగి ఇచ్చివేయవలెను. గొట్టమును దారముతో వ్రేలాడగట్టి గోటితో కొట్టినచో గంటవలె మ్రోగవలెను. బొంగుగా పలికినచో అతుకులు వదలినవన్నమాట.

తరువాత గొట్టమును కుందాకు తగిలించి మూయవలెను. మూసిన చోట వెలుగు చొరరాదు. ముందు కట్టెను తీసివేసి, కుందా పట్టుకొని ప్రక్కలకు ఊపినచో కటకట మనరాదు. కొట్టు గుఱ్ఱమును ఎత్తి, మీట తాకకయే బొటనవ్రేలితో ముందునకు నొక్కి చూడవలెను. అది జారి పడినచో ప్రమాదకరము. ఎత్తిన గుఱ్ఱముతోనే కుందా అడుగును గోనెసంచి మడతపై కొంచెము గట్టిగా తట్టి చూడవలెను. ఆ అదటుకే గుఱ్ఱము పడినచో, మంచె యెక్కునప్పుడు అది ప్రాణము తీయును. కాల్చిన తూటాను బయటకు లాగు కొక్కెము అరిగినదా యని ఖాళీ తూటాతో చూచుకొనవలెను. మూడు వందల యేండ్లనాటి ఖడ్గమువలె గొట్టముపై పాముకుబుసపు గీతలు మెరయు తుపాకులు కొన్ని పాత దేవిడీలనుండి అమ్మకమునకు వచ్చుచుండును. చూచుటకు ముచ్చటగానే యుండును. అవి ఇనుపపట్టీలు మెలివేసి కాచి చేసిన గొట్టములు, పొగమందుకు మాత్రమే ఉద్దేశింపబడినవి. వానిలో నేటి తూటా పెట్టరాదు.

కుందా పొడవు చూచుకొనుటకు సులువగు ఉపాయము: మోచేతి మడతలో కుందా అడుగు ఆనించినప్పుడు చూపుడు వ్రేలు మీటకు సుఖముగా అందవలెను. అంతకుమించి అలంకారములతో పనిలేదు.

తూటాల సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది. తుపాకి విషయమున జాగ్రత్తపడినవారు సైతము తూటాల విషయమున అంగడివాని మాటను నమ్ముచున్నారు. 12 నంబరనగా ఏమి? ఒక రాత్తలు సీసమును పండ్రెండు సమానమగు గుండ్లుగా చేసినచో, అందొక గుండు పట్టునంత గొట్టమని అర్థము. కావుననే నంబరు పెరిగినకొలది గొట్టము సన్నమగును. 12 నంబరు ఇంచుమించు పదునెనిమిదిన్నర మిల్లీమీటర్లు, 20 నంబరు పదునైదున్నర. ఈ తేడా ప్రాణాంతకమగు విధమొకటి కలదు. చీకటిలో 20 నంబరు తూటాను 12 నంబరు తుపాకిలో వేసినచో అది జారి గొట్టము మొదట ఇరుకుకొనును. తుపాకి పేలలేదని, ఖాళీ యనుకొని, దాని వెనుక సరియైన తూటాను వేసి కాల్చినచో గొట్టము బ్రద్దలగును. ఒక ఇంటిలో రెండు కొలతల తూటాలు ఒకే సంచిలో నుంచరాదు.

పొడవును చూడవలెను. పాత తుపాకులు 65 మిల్లీమీటర్ల తూటాకు, క్రొత్తవి 70 మిల్లీమీటర్ల తూటాకు తయారైనవి. ఈ కొలత గొట్టముపై చెక్కియుండును. 70 ది 65 గదిలో సుఖముగానే దిగును, అదే మోసము. పేలినప్పుడు దాని మూతి విచ్చుకొనుటకు చోటు చాలక లోపలి ఒత్తిడి మితిమీరును.

ఇక లోపలి రవ్వ. ఆంగ్లేయుల కొలతలే మన దేశమునను వాడుకలో నున్నవి. ఎల్.జీ. అనునది పెద్ద రవ్వ, ఔన్సునకు 6 తూగును; ఎస్.జీ. ఔన్సునకు 8. తరువాత బీ.బీ., ఔన్సునకు 70. 4 నంబరు 170. 6 నంబరు 270. సాధారణమగు 12 నంబరు తూటాలో ఔన్సు, దానిపై వీసమో రెండు వీసములో సీసముండును. కావున ఎస్.జీ. తూటాలో దాదాపు 9 రవ్వలు, ఎల్.జీ. తూటాలో 6 లేక 7 ఉండును. పందికి తగినవి ఈ రెండే. బీ.బీ. యు, అంతకన్న చిన్నవియు పంది తోలును చీల్చి క్రొవ్వులో నిలిచిపోవును. పంది చావదు, పుండుపడి చీముపట్టి ఏ పొదలోనో వారము దినములు బాధపడును, ఈలోపల మనిషి కనబడినచో మీదబడును. చవుకగా దొరకినవని పిట్టల తూటాలతో పందిని కాల్చుట క్రూరమే కాక తెలివితక్కువ.

ఎల్.జీ., ఎస్.జీ. రవ్వలైనను నమ్మదగిన దూరము 30 గజములు. 40 గజములకు అవి విచ్చిపోవును. రెండు రవ్వలు తగిలి ఏడు రవ్వలు చేనిపాలగును. ప్రతి తుపాకియు ఒకే రీతిగా చల్లదు. కావున అనుమతి గల గుఱి మైదానమున చేటంత వలయము గీచిన కాగితమును 20, 25, 30 గజముల దూరమున కట్టి కాల్చి చూచి, వలయములో రవ్వలన్నియు ఏ దూరమువరకు పడుచున్నవో అదియే ఆ తుపాకి హద్దని నిశ్చయించుకొనవలెను. పొలములో మంచెనుండి ఆ దూరమునకు ఒక సున్నపు రాయి పాతుకొనినచో రాత్రి కంటికి ఆధారముగా నుండును. ఒంటిగుండు తూటాలును దొరకును. మూతి బిగువుగల గొట్టములో గొట్టమంత లావు సీసపు గుండును కాల్చరాదు.

ముప్పది గజములకే పని ముగియునన్నంత మాత్రమున రవ్వ అచట ఆగునని తలంపరాదు. ఎస్.జీ. రవ్వ గాలిలో ఇంచుమించు 700 గజములు పోవును. 6 నంబరు రవ్వ 200 గజములకు పైగా పోవును. రైఫిలుతో పోల్చిన ఇది తక్కువ, పొరుగు చేనితో పోల్చిన ఎక్కువ. పైగా మన గడ్డ గుండ్రాళ్ల గడ్డ. రాయదుర్గము, ఖాజాగూడ మొదలుకొని పడమటివరకు ఎచట చూచినను నల్లసేనపు రాళ్లు తేలియున్నవి. సీసము రాతికి తగిలినచో అనుకొనని దిక్కునకు చిమ్ముకొని పోవును. పంది వెనుక రాయి యున్నచో కాల్చరాదు. వెనుక మెత్తని నేల యుండవలెను. అందుచేతనే మంచెమీదనుండి క్రిందికి కాల్చుట మేలు. తగులని రవ్వ భూమిలో దిగబడును. నేలమీద నిలిచి అడ్డముగా కాల్చువాడు తన చేను హద్దులు దాటి కాల్చుచున్నాడన్నమాటే.

మొక్కజొన్న చేనిలో శబ్దమును బట్టి కాల్చుట అన్నిటికన్న ఘోరము. మొక్కజొన్న తలయెత్తు పెరిగినప్పుడు లోపల కదలునది పందియో, తప్పిపోయిన దూడయో, నీరు కట్టుటకు వచ్చిన జీతగాడో, బహిర్భూమికి వచ్చిన పొరుగువాడో ఆకుల గలగల చెప్పదు. బోరు మోటారుకు కరెంటు రాత్రివేళ వచ్చు పల్లెలలో మనుష్యులును పందులును ఒకే వేళకు చేలలో తిరుగుచుందురు. ఇట్టి పొరపాటున మనిషి ప్రాణము పోయిన ఇంటికి ఏ పరిహారమును చాలదు; కాల్చినవాని ఇల్లును నిలువదు. జంతువు పూర్తిగా కనబడి, ముట్టె ఎటు, తోక ఎటు తెలిసి, వెనుక ఏమున్నదో తెలిసిన పిమ్మటనే మీటపై వ్రేలు పెట్టవలెను. ఆ రాత్రి కాపుదలకు తుపాకితో కూర్చుండుచున్నట్లు చుట్టుచేల వారందరికిని సాయంకాలమే కబురు చేయవలెను. కల్లు త్రాగినవానికి తుపాకి ఈయరాదు. వాడెంత గురికాడైనను సరే.

గాయపడిన పందిని రాత్రి వెంబడించరాదు. తెల్లవారిన పిమ్మట అటవీ ఉద్యోగికి తెలిపి, మనుష్యులను కూర్చుకొని, ఖాళీ తావుల గుండా జాడ తీయవలెను. చచ్చిన పంది మాంసము కాల్చినవానిది కాదు. అనుమతిపై చంపబడిన జంతువు కళేబరము సర్కారు సొత్తు. పంచనామా చేయించి ఉద్యోగులు చెప్పిన ప్రకారము పాతిపెట్టించవలెను. పంచుకొని వండుకొనినచో అనుమతి గల వేట అనుమతి లేని వేటగా మారును. ఈ సంగతి చెప్పినప్పుడు కొందరికి తుపాకి మీది మోజు సగము తగ్గుట కనబడుచుండును.

తుపాకి లేనివారు పట్టు అడ్డదారులను గూర్చి ఊరకుండుట తగదు. కరెంటు తీగను చేను చుట్టు లాగి పందిని చంపువారు కలరు. ఆ తీగ పందిని ఎఱుగదు, యజమానిని ఎఱుగదు. ఉదయమున తీగ తీయుట మరచి తామే దానిపై పడిన రైతులు, పొరుగు రైతులు, వారి ఎద్దులు ఏటేట మృతినొందుచున్నారు. మంచిర్యాల జిల్లాలో పులి సైతము ఇట్టి తీగకు బలియైనది. పిండిలో చుట్టిన పేలుడు ఉండలును అట్టివే. అవి పంది ముట్టెను చీల్చునట్లే మేతకు వచ్చిన ఆవు దవడను చీల్చును, ఆడుకొను పిల్లవాని చేతిని చీల్చును.

తుపాకి కొనుటకు ముందు ఖర్చు లెక్క వేసికొనవలెను. తుపాకి వెల, తూటాల వెల, తర్ఫీదు, భద్రమగు ఇనుప పెట్టె, గడువు తీరినప్పుడెల్ల తిరుగుడు, ఎన్నికల కాలమున ఠాణాలో అప్పగించి తెచ్చుకొను శ్రమ: ఇవన్నియు కలిపి, రెండు మూడెకరముల మొక్కజొన్న మీద వేసినచో చాలమందికి గిట్టదు. ఇందుకు బదులుగా రాజేంద్రనగరము వ్యవసాయ విశ్వవిద్యాలయమున, పంటలకు హాని చేయు పక్షులు, జంతువుల విషయమై పరిశోధించు విభాగమువారు పరీక్షించి చెప్పిన పద్ధతులు కలవు. వేరుసెనగ చేను చుట్టు నాలుగైదు సాళ్లు కుసుమ వేసినచో దాని ముండ్లకును, వాసనకును పంది వెనుకాడును. మొక్కజొన్న చుట్టు ఆముదము ఒత్తుగా వేసినచో లోపలి పైరు వాసన దానికి తెలియదు, ఆముదము దానికి రుచింపదు. పైగా కుసుమయు ఆముదమును అమ్ముడుపోవు పంటలే. కొబ్బరిత్రాడును గంధకము, పందిక్రొవ్వు కలిపిన మిశ్రమములో తడిపి చుట్టును మూడు వరుసలుగా కట్టుట, క్షౌరశాలనుండి తెచ్చిన వెండ్రుకలను గట్టుపై చల్లుట, కుళ్లిన కోడిగ్రుడ్ల నీరు చిలుకరించుట పేదరైతులకు సైతము అందుబాటులో నున్నవి. వాన పడినచో వాసన పోవును గనుక మరల చేయవలెను. ఎక్కువ భూమి గలవారు నలుగురైదుగురు కూడి సూర్యరశ్మితో పనిచేయు కంచె వేయించుకొనినచో తలకు పడు ఖర్చు తగ్గును. అది జంతువును జడిపించును గాని చంపదు. వీనిలో ఏదియు నెల తరబడి ఒంటరిగా పనిచేయదు. పంది తెలివిగల జంతువు; రెండు మూడు ఉపాయములు మార్చి మార్చి చేయవలెను.

ఇన్నియు చేసియు తుపాకి అవసరమైనవారికి, ఇంటిలో దానిని ఉంచుకొను పద్ధతి. తుపాకి ఒక తాళములో, తూటాలు వేఱొక తాళములో నుండవలెను. తాళపు చెవి చూరులో దోపినచో పిల్లలకు తెలియనిది కాదు. తూటాలను ధాన్యపు గదిలో చెమ్మ తగులు తావున పెట్టరాదు. ఇత్తడికి చిలుము పట్టినవి, ఉబ్బినవి ప్రేల్చి చూతమని ప్రయత్నింపక లైసెన్సు గల వర్తకునికో ఠాణాకో అప్పగింపవలెను. కాల్చినవానికి, కొనినవానికి లెక్క వ్రాసి, ఖాళీ తూటాలను దాచి యుంచవలెను. క్రొత్తవి కొనునప్పుడు అవసరపడును. కాల్చిన రాత్రియే గొట్టము తుడిచి నూనె పూయవలెను. బర్మారు గలవారు ముందు మసలు నీటితో కడిగి, ఆరిన పిమ్మట నూనె పూయవలెను. పొగమందు మసి నీటిని పీల్చుకొని తెల్లవారునప్పటికే త్రుప్పు పట్టించును.

లైసెన్సు పుచ్చుకొనినవాడు కాలధర్మము నొందినచో తుపాకి భూమివలె వారసునికి తానుగా సంక్రమింపదు. పెద్దదినము వరకు ఆగక, వెంటనే దగ్గరి ఠాణాలో గాని లైసెన్సు గల వర్తకునియొద్ద గాని దాఖలు చేసి రశీదు పుచ్చుకొని, వారసుడు తన పేర అర్జీ పెట్టుకొనవలెను. అటకపై మరచిన తాతగారి తుపాకి దొరికినవారును ఇదే చేయవలెను. లైసెన్సు లేక ఇంటిలో నుంచుకొనినచో రెండేండ్లకు తగ్గని ఖైదు పడవచ్చును.